పాత కామిక్ కొనేటప్పుడు పేజీల రంగు ఎంత ముఖ్యం?

శ్రోతలకు నమస్కారం.

గ్రేడ్ చేసిన కామిక్ పుస్తకం చేతికి రాగానే ఎవరి చూపైనా ముందు లేబుల్ మీద పెద్దగా అచ్చేసిన అంకె మీదకే పోతుంది. 9.4 వచ్చిందా, 6.5 వచ్చిందా అని. అదే లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: వైట్ పేజెస్ అనో, ఆఫ్ వైట్ అనో, క్రీమ్ టు ఆఫ్ వైట్ అనో. ఆ చిన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలి, దానికోసం ఎప్పుడు డబ్బు ఎక్కువ పెట్టొచ్చు, ఎప్పుడు పెట్టకూడదు, మన విశాఖ గాలిలో ఆ మాట ఎన్నాళ్లు నిలబడుతుంది అన్నది ఇవాళ్టి విషయం.

కొత్తగా వింటున్నవాళ్లకోసం కొంచెం వెనక్కి వెళదాం. కామిక్‌లకు గ్రేడ్ ఇచ్చే కంపెనీల్లో బాగా పేరున్నది సీజీసీ. 2000లో అమెరికాలో మొదలైంది. పుస్తకం పంపితే వాళ్లు కవరు, వెన్ను, మూలలు, స్టేపుల్ పిన్నులు, లోపలి పేజీలు అన్నీ చూసి 0.5 నుంచి 10 దాకా ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అతికించేస్తారు. సేకరించేవాళ్లు ఆ పెట్టెను స్లాబ్ అంటారు. పేజీల రంగును ఆ అంకెలో కలిపేయకుండా విడిగా రాస్తారు. అన్నిటికన్నా పైన వైట్. తర్వాత ఆఫ్ వైట్ టు వైట్, ఆఫ్ వైట్, క్రీమ్ టు ఆఫ్ వైట్, అలా గోధుమరంగు దాకా దిగి, చివరికి బ్రిటిల్, అంటే పెళుసు. పెళుసుదనం మొదలైతే మాత్రం అంకె కూడా కిందికి దిగుతుంది.

ఒకసారి అతికించాక పెట్టె పగలగొట్టకుండా లోపలి పేజీలు చూడలేం. కనిపించేది రెండు కవర్లూ, పక్కనుంచి చూస్తే పేజీల అంచులూ, అంతే. కాబట్టి లోపలి కాగితం గురించి కొనేవాడికి ఉన్న ఆధారం ఆ ఒక్క మాటే.

ఇంతకీ కాగితం ఎందుకు రంగు మారుతుంది? పాత కామిక్‌లు న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యాయి. చెక్కను యంత్రంలో నూరి చేసిన చవక కాగితం అది. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం అందులోనే ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలితే లిగ్నిన్ పసుపెక్కి, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంకోపక్క కాగితంలోని ఆమ్లం పోగుల్ని లోపలినుంచి ముక్కలు చేస్తుంది. రంగు మారడం కంటికి కనిపిస్తుంది, పోగులు తెగడం కనిపించదు. పోగు తెగిన కాగితం చివరికి అప్పడంలా విరుగుతుంది. అందుకే పేజీల రంగును అందం కింద లెక్కేయకూడదు. లోపల జరుగుతున్న నష్టానికి బయట కనిపించే గుర్తు అది.

వేడి, తేమ ఈ రెండు పనుల్నీ తొందరపెడతాయి. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగితే కాగితం పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని గ్రంథాలయాల్లో పుస్తకాలు కాపాడేవాళ్లు మోటుగా లెక్క వేస్తారు.

చల్లదనం, పొడి గాలి ఏం చేయగలవో చూడాలంటే ఎడ్గార్ చర్చ్ సేకరణ ఉంది. అమెరికాలో డెన్వర్ నగరంలో ఆయన ఇంట్లో పేర్చి ఉంచిన 18,000 నుంచి 22,000 కామిక్‌లు 1977లో బయటపడ్డాయి. 1930లు, 40ల నాటి న్యూస్‌ప్రింట్ అప్పటికీ తెల్లగా ఉంది. డెన్వర్ సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పొడి. పుస్తకాలు ఒకదానిమీద ఒకటి బిగువుగా పేర్చి ఉండడంతో పేజీల మధ్యకు గాలి దూరలేదు, చీకటి గదిలో వెలుతురూ తగల్లేదు. ఇది విని మన పుస్తకాల్ని అరకులో పెడితే సరిపోతుందని ఎవరైనా అనుకోవచ్చు. అరకు చల్లనిదే కానీ పొగమంచు, వాన ఎక్కువ. ఆ తేమకు బూజు పడుతుంది.

ఇక డబ్బు సంగతి. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938 నాటిది. 9.0 గ్రేడ్ ఉన్న ఒక ప్రతి 2011లో సుమారు 21 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. అదే 9.0 గ్రేడ్‌తో, వైట్ పేజెస్ అన్న మాటతో ఇంకో ప్రతి 2014లో 32 లక్షల డాలర్లు దాటింది. ఈ తేడా అంతా తెల్లటి పేజీలదే అనడానికి లేదు, మధ్యలో మూడేళ్లు గడిచాయి. అయితే రెండోదాన్ని అమ్మినప్పుడు పేజీల తెలుపునే ముందుపెట్టి చెప్పారు. 1930లు, 40ల పుస్తకాల్లో వైట్ చాలా అరుదు, ఎక్కువ ధర అడిగితే అందులో న్యాయం ఉంది.

1960లు, 70ల పుస్తకాల దగ్గర మా అభిప్రాయం వేరు. ఆఫ్ వైట్ టు వైట్ ఉంటే నిశ్చింతగా కొనండి. దానికీ వైట్‌కీ మధ్య ఉన్న సన్నని తేడాకోసం ఎక్కువ పెట్టడం అనవసరం. ఆ తేడాను తేల్చేది మనిషి కన్నే. అదే పుస్తకాన్ని పెట్టెలోంచి తీసి మళ్లీ పంపితే ఒక మెట్టు పైనో కిందో రావడం సేకరించేవాళ్లందరూ ఎరిగినదే. 9.6, 9.8 లాంటి పై గ్రేడ్‌ల్లో మాత్రం కొనేవాళ్లు వైట్ అడుగుతారు, మళ్లీ అమ్మేటప్పుడు ఆ మాట పనికొస్తుంది. 2.0, 3.0 దగ్గర వైట్ ఉన్నా దానికి పెద్దగా ధర పలకదు. అక్కడ చూసుకోవలసింది కింది మెట్లు. క్రీమ్ దాకా ఫరవాలేదు. స్వల్పంగా పెళుసు అన్న మాట కనిపిస్తే, ఎంత చవకైనా, ఎంత అరుదైనా, విశాఖలో ఉంచడానికి మాత్రం కొనకండి. 1990ల తర్వాతి పుస్తకాలు మేలురకం కాగితం మీద వచ్చాయి కాబట్టి వైట్ ఉండడం విశేషం కాదు. అలాంటిదానికి ఆఫ్ వైట్ పడిందంటే ఎక్కడో ఎండకో వేడికో గురైందని అర్థం.

గ్రేడ్ చేయని పుస్తకం కొంటుంటే పేజీలు మీరే చూసుకోవచ్చు. పసుపు బల్బు కింద చూడకండి, దాని కింద అన్ని కాగితాలూ ఒకేలా కనిపిస్తాయి. పగటిపూట కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట చూడాలి. పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టుకోండి. పేజీ మధ్య భాగాన్నీ అంచునూ పోల్చండి. రంగు అంచునుంచి లోపలికి పాకుతుంది కాబట్టి, అంచున గోధుమరంగు చార సన్నగా ఉంటే నష్టం తక్కువ, వేలెడు వెడల్పు ఉంటే ఎక్కువ. నడిమి పేజీల జత ఒక్కటే చూపించి తెల్లగా ఉంది అంటే ఒప్పుకోకండి, కవర్లకు ఆనుకున్న మొదటి, చివరి పేజీలే ముందు పాడవుతాయి. పుల్లటి వాసన వస్తే ఆమ్లం బాగా పనిచేస్తున్నట్టే. మూల మడిచి విరుగుతుందో లేదో చూసే అలవాటు కొందరికి ఉంది, ఆ పరీక్షతోనే పుస్తకం పాడవుతుంది. సంచి అడుగున రాలిన కాగితం పలుకులు ఉన్నాయేమో చూస్తే చాలు. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. 1950లు, 60ల మార్వెల్ పుస్తకాల కవరు కుడి అంచున చిన్నచిన్న ముక్కలు ఊడి ఉంటాయి. అది ప్రెస్సులో మొండి బ్లేడుతో కోసినందువల్ల వచ్చింది, పెళుసుదనం కాదు. లోపలి పేజీలు మెత్తగా వంగుతుంటే భయం లేదు.

చాలా పాత పుస్తకం, పేజీలు మాత్రం కాపీయర్ కాగితంలా తళతళలాడుతుంటే అనుమానించండి. న్యూస్‌ప్రింట్ కొత్తగా ఉన్నప్పుడే కొంచెం బూడిదరంగు కలిసి ఉంటుంది. రసాయనాలతో తెలుపు తెప్పించి ఉంటే గ్రేడింగులో అది మరమ్మతు కిందికి వస్తుంది, ధర పడిపోతుంది.

లేబుల్ మీద ఉన్న మాట గ్రేడ్ చేసిన రోజున పేజీలు ఎలా ఉన్నాయో చెబుతుంది. పెట్టెలో పెట్టినంత మాత్రాన కాగితం వయసు ఆగిపోదు. ఆ పెట్టెలోకి గాలి వెళుతుంది, నీళ్లూ వెళతాయి. పాత పుస్తకాలకు సీజీసీ వాళ్లు కవర్ల లోపల ఆమ్ల వాయువుల్ని పీల్చే ప్రత్యేక కాగితం పెడతారు, దాని శక్తీ కొన్నేళ్లకు తీరిపోతుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో కిటికీ ఊచలు, ఏసీ బయటి పెట్టెలు ఎంత తొందరగా తుప్పు పడతాయో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఉప్పుగాలే స్టేపుల్ పిన్నునూ తినేస్తుంది. పిన్ను చుట్టూ ఎర్రటి మరక కాగితంలోకి దిగితే మళ్లీ పోదు.

కాబట్టి సముద్రం వైపు గోడకు ఆనించిన అలమరా వద్దు, పైకప్పు కింద అటక అసలే వద్దు. ఇంటి మధ్య గదిలో, నేలకు ఒక అడుగు ఎత్తున, గోడకు నాలుగు వేళ్ల ఎడంగా పెట్టండి. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే గది కన్నా, ఏసీ లేకపోయినా ఎండ తగలని గది మేలు. తేమ రోజూ పెరిగి తగ్గితే కాగితం ఉబ్బి ముడుచుకుని అలసిపోతుంది. మూతకు రబ్బరు అంచున్న 30 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అందులో పావుకిలో సిలికా జెల్ గుడ్డసంచిలో కట్టి పెట్టండి, పుస్తకాలకు తగలకుండా. లోపల ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు ఉండాలి. అది 40కీ 50కీ మధ్య చూపిస్తే బాగున్నట్టు. 30 కన్నా తగ్గితే కొంచెం జెల్ తీసేయండి, మరీ ఎండినా కాగితం పెళుసవుతుంది. నీలం జెల్ గులాబీరంగుకు తిరిగితే తేమతో నిండినట్టు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. పాత కాగితం ఆమ్ల వాయువుల్ని వదులుతుంది కాబట్టి నెలకోసారి, పొడిగా ఉన్న రోజు, మూత తీసి కాసేపు గాలి మార్చండి. కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది.

స్లాబ్ లేని పుస్తకాలకు పాలిప్రొపిలీన్ సంచి, ఇంకా మంచిదైతే మైలార్ అనే పాలియెస్టర్ సంచి వాడాలి. పీవీసీ సంచి వద్దు. దానిలోని నూనెలాంటి పదార్థం కవరు రంగులకు అంటుకుంటుంది. వెనక పెట్టే అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి. మామూలు చొక్కా అట్ట పెడితే కొన్నేళ్లకు దాని ఆకారమే చివరి పేజీ మీద గోధుమరంగులో దిగుతుంది.

ఇవన్నీ మన ఇళ్లలోని చందమామలకూ వర్తిస్తాయి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికను చాలా ఇళ్లలో ఏడాది సంచికలు కలిపి బైండు చేయించారు. బైండింగులో అంచులు కోసేస్తారు కాబట్టి సేకరణలో విలువ తగ్గుతుంది. అయినా బైండు విప్పకండి. బిగువుగా కుట్టి ఉండడంవల్లే వాటి లోపలి పేజీలు విడి సంచికలకన్నా బాగుండడం తరచు చూస్తాం. కశింకోటలో ఉండి బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలున్న సంచికలైతే, కవరుకూ మొదటి పేజీకీ మధ్య ఆమ్లం లేని పల్చని కాగితం ఒకటి పెట్టండి. లోపలి కాగితం మరక కవరుకు ఎక్కదు.

చివరిగా తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి పైఅంతస్తుల్లోకీ నీళ్లొచ్చాయి. హెచ్చరిక రాగానే స్లాబ్‌లను ఒక్కొక్కటీ జిప్ సంచిలో వేసి, కిటికీలు లేని గదిలో పైఅరలో పెట్టండి. తడిసిన పుస్తకాన్ని విప్పే ప్రయత్నం చేయకండి, తడి న్యూస్‌ప్రింట్ చిరిగిపోతుంది. కరెంటు ఉంటే జిప్ సంచిలో పెట్టి 48 గంటల లోపు ఫ్రీజర్‌లో ఉంచండి. బూజు పట్టకుండా ఆగుతుంది, ఆరబెట్టే పని తీరిక చూసుకుని చేయొచ్చు. కరెంటు లేకపోతే ముందు నిగనిగలాడే కవరుకూ మొదటి పేజీకీ మధ్య బటర్ పేపరు దూర్చండి. ఆ కవరు తడిమీద అతుక్కుందంటే మళ్లీ రాదు. తర్వాత నీడలో పరిచి, అడుగున పెట్టిన పొడి కాగితాన్ని రెండు గంటలకోసారి మారుస్తూ ఉండండి. ఎండలో మాత్రం వేయకండి.

నమస్కారం.