శ్రీరాంపూర్‌లో అక్షరాలు పోసిన చేతులు

సభకు నమస్కారం.

తొలినాటి అచ్చు గురించి చెప్పుకునేటప్పుడు పుస్తకం రాసినవారి పేర్లే వినిపిస్తాయి. నేనివాళ అక్షరాన్ని లోహంలో పోసినవారి గురించి, వాళ్ల వృత్తుల గురించి మాట్లాడతాను. అందుకు హుగ్లీ ఒడ్డున, కలకత్తాకు కాస్త ఎగువనున్న శ్రీరాంపూర్‌ను ఎంచుకున్నాను. తెలుగు అచ్చు ఆ ఊరికి బాకీపడి ఉంది.

ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలో మిషనరీలను ఉండనివ్వకపోవడంతో, డేనిష్ వారి చేతిలో ఉన్న ఈ ఊళ్లో వాళ్లు 1800లో ప్రెస్సు పెట్టారు. ముఖ్యులు ముగ్గురు. విలియం కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టినవాడు. జాషువా మార్ష్‌మన్ బడిపంతులు. విలియం వార్డ్ ఒక్కడే అచ్చుపని నేర్చినవాడు, పత్రిక నడిపినవాడు. కానీ ఆయన నేర్చింది ఇంగ్లీషు అచ్చు. మన లిపులకు అక్షరాలు ఎవరు చెయ్యాలి?

పంచానన్ కర్మకార్ చేశాడు. లోహపు పని ఆయన కులవృత్తి. 1778లో హుగ్లీలో హాల్‌హెడ్ అనే ఆంగ్లేయుడు రాసిన బెంగాలీ వ్యాకరణం అచ్చవుతున్నప్పుడు, అక్షరాలు తయారుచేస్తున్న కంపెనీ ఉద్యోగి చార్లెస్ విల్కిన్స్ దగ్గర ఆ విద్య పట్టాడు. తర్వాత శ్రీరాంపూర్ చేరాడు. అల్లుడు మనోహర్‌కూ నేర్పాడు.

ఆ పని ఎలా ఉండేదో కొంచెం వివరంగా చెప్పాలి. సన్నని ఉక్కు కడ్డీ కొసమీద అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. రూపం కుదిరిందో లేదో చూడటానికి కొసను దీపపు మంటమీద పెట్టి, పట్టిన మసిని కాగితంమీద అద్దుతారు. వంకర కనిపిస్తే మళ్లీ ఆకురాయి. కుదిరాక కాల్చి గట్టిపరిచి, రాగి ముక్కమీద ఉంచి సుత్తితో ఒక్క దెబ్బ. రాగిలో పడిన ఆ గుంటే మూస. దాన్ని బిగించి సీసం కలిసిన కరుగు పోస్తే అచ్చక్షరం తయారు. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి యాభై రెండు అక్షరాలు. మనకో? గుణింతాలు, వత్తులు లెక్కవేసుకోండి. వందల కడ్డీలు! అక్షరం కిందికి వేలాడే వత్తును పక్క వరుసకు తగలకుండా కూర్చడం ఇంకో తలనొప్పి. ఇది తేలిక పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

1812 మార్చి 11 సాయంత్రం ప్రెస్సు తగలబడింది. కాగితం, పోతపోసిన అక్షరాలు, రాతప్రతులు పోయాయి. కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం పూర్తిగా బూడిదైంది. ఆ నష్టం చదివినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అయితే బూడిద తవ్వితే ఉక్కు కడ్డీలు, రాగి మూసలు చెడకుండా దొరికాయి. ముద్దలైన సీసాన్ని ఏరి, కరిగించి, పనివాళ్లు మళ్లీ అక్షరాలు పోశారు. కమ్మరి పనితనం నిప్పుకు నిలబడింది కనుకే అంత త్వరగా ప్రెస్సు తిరిగి నడిచింది.

కేరీ వ్యాకరణాన్ని మళ్లీ రాశాడు. 1814లో అది శ్రీరాంపూర్‌లోనే అచ్చయింది. తెలుగు బైబిలు కొత్త నిబంధన 1818లో వచ్చింది. పంచానన్ అవేవీ చూడలేదు, ప్రెస్సు పెట్టిన కొన్నేళ్లకే పోయాడు. మామ నేర్పిన పనిని మనోహర్ దశాబ్దాల పాటు అక్కడే చేశాడు.