అల్యూమినియం కథలో మన ఫ్లోరైడ్

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చున్న డిగ్రీ పిల్లలకు నమస్కారం.

నల్లగొండలో అల్యూమినియం మీద ప్రసంగమేమిటి సార్ అని ఇందాక ఒక మిత్రుడు అడిగారు. అడగాల్సిందే. మనకు సున్నపురాయి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, పెద్దగట్టు దగ్గర యురేనియం గొడవ ఉంది. అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ మాత్రం లేదు. కానీ ఫ్లోరైడ్ అంటే ఏమిటో ఈ జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇవాళ ఖనిజం నుంచి అల్యూమినియం తీసే ప్రతి కర్మాగారమూ ఫ్లోరైడ్ మీదే నడుస్తుంది. ఆ సంబంధం చెప్పడానికే వచ్చాను. అందుకు నాల్కోను, అంటే నేషనల్ అల్యూమినియం కంపెనీని తీసుకుంటాను. ప్రభుత్వ రంగ సంస్థ, మనకు మరీ దూరం కాని ఒడిశాలో ఉంది, గని నుంచి ఓడరేవు దాకా అన్నీ ఒక్క గొడుగు కింద కనిపిస్తాయి.

1970లలో తూర్పు కనుమల్లో, ఒడిశాలోని కోరాపుట్ నుంచి మన విశాఖ ఏజెన్సీ దాకా, పెద్ద ఎత్తున బాక్సైట్ ఉందని తేలింది. అప్పటికి దేశంలో అల్యూమినియానికి ఎప్పుడూ కొరతే. 1970లో ప్రభుత్వం కంట్రోల్ ఆర్డర్ తెచ్చి, తయారైన లోహంలో సగం కరెంటు తీగలకే ఇవ్వాలని కట్టడి చేసింది. ఎందుకంటే ఊరూరికీ కరెంటు ఇవ్వాలి, రాగి మనకు చాలినంత లేదు. మన పొలాల మీదుగా పోయే తీగ తెగిపడినప్పుడు దాని కొన ఎప్పుడైనా చూడండి, లైన్ బంద్ చేశాకే సుమా. నడుమ ఒక ఉక్కు పోగు, దాని చుట్టూ ఆరు అల్యూమినియం పోగులు. బరువు మోసేది ఉక్కు, కరెంటు మోసేది అల్యూమినియం. లైన్‌మన్‌ను అడిగితే ఇది వీజల్, అది రాబిట్ అంటాడు. కాస్త లావు తీగైతే డాగ్. జంతువుల పేర్లు ఎవరు పెట్టారో గానీ, మన బోర్లన్నీ ఆ వీజళ్లు, రాబిట్ల మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ కొరత తీర్చడానికి 1981 జనవరి 7న భువనేశ్వర్ కేంద్రంగా నాల్కో పుట్టింది. సాంకేతిక పరిజ్ఞానం ఫ్రాన్స్‌కు చెందిన పెషినే కంపెనీది. అదే సంవత్సరం శ్రీశైలం ముంపులో మన పాలమూరు పల్లెలు ఖాళీ అవుతున్నాయి. రెండూ ఒకే కాలపు పనులు. నాల్కో రిఫైనరీ కట్టిన దామన్‌జోడిలోనూ ఆదివాసీలు భూములిచ్చి పక్కకు జరిగారు. ప్రాజెక్టు కోసం ఊరు పోవడమంటే ఏమిటో కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన వాళ్లకు నేను చెబితే బాగుండదు.

గని పంచపట్మలి కొండ మీద. సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైన బల్లపరుపు నేల. పైమట్టి మూడు మీటర్లు తీస్తే చాలు, సగటున పద్నాలుగు మీటర్ల మందాన బాక్సైట్ పరుచుకుని ఉంటుంది. సొరంగాలు లేవు. తవ్విన రాయిని ముక్కలు చేసి, 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద కొండ దించి దామన్‌జోడి రిఫైనరీకి పంపుతారు. లారీల మీద దించితే ఆ ఘాట్ రోడ్డు గతి ఏమయ్యేదో ఊహించుకోండి.

రిఫైనరీలో రాయిని వేడి కాస్టిక్ సోడాలో కరిగిస్తారు. ఆస్ట్రియాకు చెందిన బేయర్ 1880లలో కనిపెట్టిన పద్ధతే, నేటికీ మారలేదు. రాయిలోని అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, కరుగుతుంది, ఇనుము కరగక అడుగున ఎర్ర బురదగా మిగులుతుంది. తేరిన ద్రావణం నుంచి తెల్లటి అల్యూమినా పొడి తీస్తారు. ప్రతి టన్ను అల్యూమినాకు ఒక టన్నుకు పైగా ఎర్ర బురద వస్తుంది. అందులో కాస్టిక్ ఉంటుంది కాబట్టి కట్టలు కట్టి కాపలా కాయాలి. 2010 అక్టోబరులో హంగరీలోని అయ్‌కా దగ్గర అలాంటి కట్ట తెగి పది మంది చనిపోయారు. ఈ బురదతో ఏం చేయాలో ప్రపంచంలో ఎవరికీ ఇంకా పెద్ద ఎత్తున దారి దొరకలేదు. అల్యూమినాలో కొంత రైలెక్కి విశాఖ రేవుకు పోయి ఎగుమతి అవుతుంది, మిగతాది అంగుల్ స్మెల్టర్‌కు, అంటే అల్యూమినా నుంచి లోహం తీసే కర్మాగారానికి.

స్మెల్టర్ బాక్సైట్ కొండల దగ్గర కాకుండా అంత దూరంలో అంగుల్‌లో ఎందుకు కట్టారు? తాల్చేరు బొగ్గు కోసం. అల్యూమినియం వ్యాపారంలో గని ఒక వంతు, కరెంటు మూడు వంతులు అని నా లెక్క. ఒక టన్ను లోహానికి దాదాపు 14,000 యూనిట్లు కావాలి. మన అయిదు హార్స్‌పవర్ బోరు మోటారు గంటకు నాలుగు యూనిట్లు తాగుతుందనుకుంటే, రోజుకు ఎనిమిది గంటల చొప్పున పద్నాలుగు నెలలు ఆపకుండా నడిపినంత. అందుకే అంగుల్‌లో సొంతంగా 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం కట్టుకున్నారు. మన నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రం 816 మెగావాట్లు. అంటే సాగర్ మొత్తం ఇచ్చినా ఆ కేంద్రానికి సాటి రాదు.

పాట్‌లైన్, అంటే లోహం తీసే తొట్ల వరుస, గురించి కొంచెం వివరంగా చెబుతాను, రసాయన శాస్త్రం పిల్లలు వినండి. అల్యూమినా వట్టి వేడికే కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. ఆ వేడికి తట్టుకునే తొట్టి ఎక్కడ దొరుకుతుంది? 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ హెరూల్ట్ ఒకరికొకరు తెలియకుండానే ఒకే ఉపాయం పట్టారు. క్రయొలైట్ అనే ఫ్లోరైడ్ లవణాన్ని కరిగించి, అందులో అల్యూమినాను కలిపారు. అప్పుడు 960 డిగ్రీలు చాలు. అందులోకి కార్బన్ ఆనోడ్లు, అంటే కరెంటును లోపలికి పంపే దిమ్మెలు, దించి కరెంటు పంపితే కింద లోహం చేరుతుంది, పైన కార్బన్ కాలిపోతుంది. విచిత్రం ఏమిటంటే ఆ ఇద్దరూ పుట్టింది 1863లోనే, పోయింది 1914లోనే.

అంగుల్‌లో ఇలాంటి పాట్లు నాలుగు వరుసల్లో 960 ఉన్నాయి. ఒక్కో పాట్‌కు వోల్టేజీ నాలుగు వోల్టుల చిల్లరే. టార్చిలైటు బ్యాటరీలు మూడు కలిపితే అంతే. కానీ లైన్లో పారే కరెంటు 1,80,000 ఆంపియర్లు. రోజుకు ఒక్కో పాట్ సుమారు టన్నూ మూడు వందల కిలోల లోహం ఇస్తుంది. నాలుగైదు గంటలు కరెంటు పోతే లోపలిదంతా గడ్డకట్టి పాట్లు పాడవుతాయి. ‘కోత’ అన్న మాట అక్కడ చెల్లదు.

ఇప్పుడు మన సంగతి. ఆ పాట్ల నుంచి ఫ్లోరైడ్ వాయువు లేస్తుంది. దాన్ని బయటికి వదిలితే గడ్డి మీద పడుతుంది, పశువులు మేస్తాయి. అంగుల్ చుట్టుపక్కల పశువుల్లో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు, లక్షణాలున్నాయని పరిశోధకులు రాశారు. మరి పట్టడం ఎలా? అక్కడే ఉన్న తాజా అల్యూమినా పొడి మీదుగా ఆ పొగను పంపుతారు. అల్యూమినా ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్న పొడినే మళ్లీ పాట్‌లో వేస్తారు. నష్టమూ లేదు, వ్యర్థమూ తగ్గుతుంది.

ఆ పట్టుకునే గుణమే మన ఊళ్లకూ వచ్చింది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి రూపొందించి దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. బకెట్ నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ వేసి పది నిమిషాలు కలిపి గంటసేపు తేరనివ్వాలి. పటిక అంటే అల్యూమినియం లవణమే. అది మెత్తటి తెల్లటి తెట్టెలా దిగుతూ ఫ్లోరైడ్‌ను తనతో లాక్కుపోతుంది. తర్వాత యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు వచ్చాయి. రెండూ పనిచేస్తాయి, అనుమానం లేదు. కానీ రోజూ పటిక కొలవాలి, అడుగు బురద ఎక్కడో పారబోయాలి, ఫిల్టర్ పొడిని అప్పుడప్పుడు శుద్ధి చేయాలి. కూలికి పోయే ఇల్లాలికి అంత తీరిక ఎక్కడిది? మర్రిగూడ, మునుగోడు వైపు నడుములు వంగిపోయిన మనుషులకు పెద్ద ఊరట కృష్ణా నీళ్లు గొట్టాల్లో వచ్చాకే దొరికింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచినప్పుడు ఇక్కడి జనం ఎందుకంత కదిలారో బయటివాళ్లకు అర్థం కాలేదు. జబ్బుకు ప్రతి ఇంట్లోనూ మందు కలిపించడం కన్నా, మంచి నీళ్లు తెచ్చి ఇవ్వడమే నిజమైన పరిష్కారమని నా అభిప్రాయం.

బాక్సైట్ కొండల గొడవలు మీకు తెలిసినవే. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు గ్రామసభలు పెడితే, పన్నెండూ గని వద్దన్నాయి. విశాఖ ఏజెన్సీలోనూ తవ్వకం ముందుకు సాగలేదు. నాల్కో అమ్మకం ప్రయత్నమూ ఒడిశాలో వ్యతిరేకత వల్లే ఆగింది. ఇప్పటికీ సగానికి పైగా వాటా కేంద్రానిదే. 2001లో ఇంకో ప్రభుత్వ అల్యూమినియం సంస్థ బాల్కోను అమ్మినప్పుడు అక్కడి కార్మికులు 67 రోజులు సమ్మె చేశారు, అయినా ఆగలేదు. ఒకటి ఎందుకు నిలిచింది, ఇంకొకటి ఎందుకు పోయింది అంటే రాష్ట్ర రాజకీయమే అంటాను నేను.

చివరగా పాత సామాన్ల దుకాణం మాట. సొట్ట పడిన సిల్వర్ గిన్నెను కరిగించి మళ్లీ లోహం చేయడానికి, బాక్సైట్ నుంచి తీయడానికయ్యే శక్తిలో అయిదు శాతం చాలు. 14,000 యూనిట్ల చోట ఏడెనిమిది వందలు. సైకిల్ మీద ఇనుప సామాను కొనుక్కుంటూ తిరిగే ఆయన మనకు ఎంత బొగ్గు మిగులుస్తున్నాడో ఆయనకు తెలియదు, మనం బేరమాడుతాం.

ఇక ప్రశ్నలు అడగండి. ధర ఎంతుందని మాత్రం అడగకండి. అది లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో రోజూ మారుతుంది, నేను పొద్దున చూసుకు రాలేదు.