జియాలజీ మ్యాప్ చూసే ముందు ఆ గీత సంగతి తెలుసుకోండి | ఓపెన్ డేటా రివ్యూ

నమస్కారం అండి. ఈసారి రివ్యూకి ఫోనూ లేదు, ల్యాప్‌టాపూ లేదు. స్క్రీన్ మీద ఈ రంగురంగుల బొమ్మ చూస్తున్నారు కదా, ఇది జియాలజికల్ మ్యాప్. నేల కింద ఏ చోట ఏ రాయి ఉందో చెప్పే పటం. చాలా దేశాల్లో ప్రభుత్వ సర్వే సంస్థలు తరాల తరబడి వీటిని గీశాయి, ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతున్నాయి. కొన్ని వారాలుగా నాలుగైదు దేశాల పోర్టళ్లలో తిరుగుతున్నాను. ఏది పనికొచ్చింది, ఎక్కడ బోల్తా పడ్డాను, అదంతా చెప్తాను.

ముందు ఒకటి చూపిస్తా. ఇంగ్లండ్‌లో ఒక ఊరు. కింద ఉపగ్రహ చిత్రం, పైన 1:50,000 స్కేలు జియాలజీ పొర పరిచాను. జూమ్ చేస్తున్నా... ఇంకొంచెం... ఆగండి. ఇదిగో, రెండు రంగుల మధ్య గీత సరిగ్గా ఒక ఇంటి మీదుగా పోతోంది. అంటే ఆ ఇంట్లో వంటగది సున్నపురాయి మీద, హాలు బంకమట్టి మీద ఉందనుకోవాలా? అక్కర్లేదు. 1:50,000 అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరుకి నేల మీద 50 మీటర్లు. అర మిల్లీమీటరు మందం గీత గీస్తే చాలు, దాని కింద 25 మీటర్ల నేల దాక్కుంటుంది. కాగితం మ్యాప్‌లో ఆ మందం కళ్లకు కనబడేది కాబట్టి జాగ్రత్తపడేవాళ్లం. స్క్రీన్ మీద ఎంత దగ్గరికి వెళ్లినా గీత వెంట్రుకలా సన్నగానే ఉంటుంది. మనమేమో అంత కచ్చితంగా కొలిచారు కాబోలు అనుకుంటాం.

అసలు ఆ గీత ఎలా వస్తుందో తెలిస్తే ఈ పొరపాటు చేయం. జియాలజిస్టు వాగుల వెంట, రోడ్డు కోసం తవ్విన గట్ల వెంట, క్వారీల్లో నడుస్తాడు. రాయి బయటికి కనిపించేది అక్కడక్కడే. మిగతాదంతా మట్టి, పొలాలు, ఇళ్లు. ఇక్కడ ఇసుకరాయి దొరికింది, అర కిలోమీటరు అవతల షేల్ (బంకమట్టి గట్టిపడి అయిన రాయి) దొరికింది, మధ్యలో ఎక్కడో మారింది. ఆ ‘ఎక్కడో’ని నేల వాలును బట్టి, రాతి పొరల వంపును బట్టి ఊహించి గీస్తాడు. పాత కాగితం మ్యాపులు ఈ విషయం దాచవు. కళ్లారా చూసింది నిండు గీత, ఊహించింది తెగిన గీత, పైన మట్టి కప్పేసింది చుక్కల గీత. చాలా వెబ్ వ్యూయర్లలో ఈ మూడూ ఒకే గీతగా మారిపోతాయి. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. రంగుల పొర ఒక్కటే డౌన్‌లోడ్ చేసుకుని ఊరుకోకండి. గీతల పొర విడిగా ఉంటే అదీ తీసుకుని అట్రిబ్యూట్ టేబుల్ (ఒక్కో గీత వివరాలుండే పట్టిక) తెరవండి. ఏ గీత చూసి గీసిందో, ఏది ఊహో చెప్పే కాలమ్ చాలాసార్లు అక్కడ దొరుకుతుంది.

చిన్న పిట్టకథ. 1815లో విలియం స్మిత్ అనే ఆయన ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లో కొంత భాగం కలిపి ఒక పెద్ద మ్యాప్ వేశాడు. ప్రతి రాతి పొర అడుగు అంచున రంగు ముదురుగా, పైకి వెళ్లే కొద్దీ లేతగా వేయించాడు. దాంతో ఏ పొర కింద, ఏది పైన అన్నది చూడగానే తెలిసిపోతుంది. ఆ ముచ్చట ఇవాళ్టి పోర్టళ్లలో కూడా లేదు! అంత పని చేసిన మనిషి 1819లో అప్పులపాలై జైలుకి వెళ్లాడు. ఆ తర్వాతే ప్రభుత్వాలు ఈ పని చేపట్టాయి: బ్రిటన్ 1835లో, కెనడా 1842లో, ఇండియా 1851లో, అమెరికా 1879లో.

ఇక పోర్టళ్లు. అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్‌తో మొదలుపెడతా. వాళ్ల దగ్గర నాకు బాగా నచ్చింది లైసెన్సు. ఆ సంస్థ సొంతంగా తయారుచేసింది మామూలుగా పబ్లిక్ డొమైన్ కిందకే వస్తుంది, ఎవరైనా వాడుకోవచ్చు. కానీ పక్కపక్క మ్యాప్ షీట్ల అంచుల దగ్గర తలనొప్పి. ఒక పక్కది ఒక కాలంలో ఒకరు గీశారు, రెండో పక్కది దశాబ్దాల తర్వాత ఇంకొకరు గీశారు. అదే రాయికి అటు ఒక పేరు, ఇటు ఇంకో పేరు. రాష్ట్రం సరిహద్దు వెంటే కచ్చితంగా ఫాల్ట్ (రాయి విరిగి పక్కకు జరిగిన చోటు) పోతోందని జియాలజిస్టులు జోకులు వేసుకుంటారు. ఈ విషయంలో జపాన్ వాళ్లను మెచ్చుకోవాలి. 1:200,000 స్కేలులో దేశం మొత్తానికి ఒకే లెజెండ్‌తో (ఏ రంగు ఏ రాయో చెప్పే పట్టికతో) అతుకుల్లేని మ్యాప్ ఇచ్చారు.

వన్‌జియాలజీ గురించి కామెంట్లలో అడిగారు. 2007లో మొదలైన ప్రాజెక్టు. ప్రపంచమంతా 1:10 లక్షల స్కేలులో ఒకచోట కనిపించాలని వాళ్ల ఆశ. ఆశ గొప్పదే. కానీ ఏ దేశం పొర ఆ దేశమే ఇస్తుంది కాబట్టి సరిహద్దు దాటగానే వివరం ఎంతుందన్నది మారిపోతుంది. క్లాసులో పాఠం చెప్పడానికి బాగుంటుంది, ఫీల్డ్‌కి వెళ్లేవాళ్లకు సరిపోదు. ఇండియా జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వారి భూకోశ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే 1:50,000 పొరలు దించుకోవచ్చు. ఆ స్థాయి వివరం ఉచితంగా రావడం చిన్న విషయం కాదు.

డౌన్‌లోడ్ చేశాక జరిగే కథ వేరే. షేప్‌ఫైల్‌లో (మ్యాప్ ఆకారాలు దాచే ఫైలు రకం) రంగులు ఉండవు. తెరవగానే దేశమంతా ఒకే రంగు పూసినట్టు వస్తుంది. కాలమ్ పేర్లు పది అక్షరాల దగ్గర తెగిపోతాయి, ఏ కాలమ్‌లో ఏముందో మనమే ఊహించుకోవాలి. నాకు ఒకసారి పాత షీటు నుంచి తయారైన ఫైలు దొరికింది, ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునుగా ఎలా పరిచారన్న సమాచారం, చెప్పే పీఆర్‌జే ఫైలు మాత్రం లేదు. అందరూ వాడేదే కదా అని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 పెట్టేశాను. జీపీఎస్‌తో పట్టుకొచ్చిన నా పాయింట్లు అన్నీ వాగుకి అవతలి గట్టున పడ్డాయి. ఒకటిన్నర రోజు నా జీపీఎస్‌నే తిట్టుకున్నాను. తీరా చూస్తే మ్యాప్ పాత డేటమ్‌లో, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టే పాత పద్ధతిలో ఉంది. ఇంకో మాట, డబ్ల్యూఎంఎస్ లింకు ఇచ్చి ‘ఓపెన్ డేటా’ అంటే సంబరపడిపోకండి, దాంతో వచ్చేది బొమ్మ. లెక్కలు కట్టాలంటే అసలు డేటానే పంపే డబ్ల్యూఎఫ్ఎస్ లింకు గానీ, జియోప్యాకేజ్ లాంటి ఫైలు గానీ కావాలి.

నన్నడిగితే అసలు నిధి మ్యాపుల్లో లేదు, వాటి వెనక ఉన్న కొలతల్లో ఉంది. ఆస్ట్రేలియా వాళ్ల రేడియోమెట్రిక్ మ్యాప్ చూడండి. విమానంలో తక్కువ ఎత్తులో ఎగురుతూ నేల నుంచి వచ్చే గామా కిరణాలు కొలిచారు. పొటాషియం ఎరుపు, థోరియం ఆకుపచ్చ, యురేనియం నీలం. ఈ కిరణాలు నేలలో పైన ముప్పై నలభై సెంటీమీటర్ల నుంచే వస్తాయి కాబట్టి లోతు సంగతి చెప్పవు. అయినా ఎండిపోయిన నది పాత దారి ఎలా మెలికలు తిరిగి కనిపిస్తుందో! నెదర్లాండ్స్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. జియోటాప్ అనే మోడల్‌లో నేలను 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం దిమ్మెలుగా కోసి, ఒక్కో దిమ్మెలో ఇసుక ఉందా, బంకమట్టి ఉందా, పీట్ (సగం కుళ్లిన మొక్కల మట్టి) ఉందా అని సంభావ్యతతో సహా ఇచ్చారు. ‘ఇక్కడ మాకు గట్టి నమ్మకం లేదు’ అని మ్యాపే ఒప్పుకోవడం నాకు భలే నచ్చింది.

కానీ నా ఓటు బ్రిటిష్ సర్వేకే. వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్ జియోఇండెక్స్‌లో బోర్‌హోల్ పొర, అంటే నేలలోకి బోరు వేసిన చోట్లు చుక్కలుగా చూపే పొర, ఆన్ చేయండి. పది లక్షలకు పైగా రికార్డులు! కొన్ని బయటపెట్టరు, కానీ చాలా చుక్కల మీద నొక్కితే అసలు కాగితం స్కాన్ తెరుచుకుంటుంది. చేత్తో రాసినవీ ఉన్నాయి. ఎన్ని అడుగుల వరకు ఏ మట్టి, నీళ్లు ఎక్కడ పడ్డాయి, అన్నీ అందులోనే. దీనికి పదికి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే 1:50,000 మ్యాప్ ఊరికే చూడనిస్తారు గానీ, ఫైళ్లు కావాలంటే లైసెన్సు డబ్బులు అడుగుతారు. పూర్తిగా ఓపెన్‌గా ఇచ్చేది 1:625,000 మ్యాప్.

ఇందాకటి ఇల్లు గుర్తుందా? మళ్లీ అక్కడికే వెళ్దాం. ఇంటి వెనక రోడ్డు పక్కన ఒక చుక్క ఉంది. నొక్కుతున్నా. స్కాన్ వచ్చింది. మొదటి వరుస చదవండి: పైనుంచి రెండు మీటర్లకు పైగా ఇటుక ముక్కలు, బూడిద, పోసిన మట్టి. దాని కింద బంకమట్టి. మ్యాప్ చెప్పిన సున్నపురాయి ఆ కాగితంలో ఎక్కడా లేదు. బోరు ఆరు మీటర్ల దగ్గరే ఆపేశారు.