పాఠాలు లేకుండా సింగిల్ డిజిట్ హ్యాండిక్యాప్ సాధ్యమేనా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. గోల్ఫ్‌లో శిక్షకుడి దగ్గర పాఠాలు తీసుకోకుండానే హ్యాండిక్యాప్‌ను, అంటే కోర్సు ప్రమాణం కన్నా సుమారు ఎన్ని దెబ్బలు ఎక్కువ పడతాయో చెప్పే సంఖ్యను, ఒక అంకెలోకి తెచ్చుకోవచ్చా అన్న విషయంపై మీ ప్రశ్నలకు ఈరోజు మన శిక్షకులు సమాధానాలు చెబుతారు. మొదటి కాల్ తీసుకుందాం.

మొదటి శ్రోత: నమస్కారమండి. నేను ఆట మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. పెద్ద పెద్ద ఆటగాళ్ళలో కూడా సొంతంగా నేర్చుకున్నవాళ్ళు ఉన్నారంటారు, నిజమేనా?

శిక్షకుడు: నిజమే. బబ్బా వాట్సన్ పాఠాలు తీసుకోకుండానే 2012లోనూ 2014లోనూ మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్ గెలిచారు. నాకు అంతకంటే ఇష్టమైన ఉదాహరణ కాల్విన్ పీట్. చిన్నప్పుడు విరిగిన ఎడమ మోచేయి సరిగా అతుక్కోక చేయి పూర్తిగా చాపలేని ఆ మనిషి, ఇరవై ఏళ్ళు దాటాక ఆట మొదలుపెట్టి, అమెరికాలో వృత్తి ఆటగాళ్ళు ఆడే పీజీఏ టూర్‌లో 12 టోర్నమెంట్లు గెలవడమే కాక, 1981 నుంచి 1990 వరకు వరుసగా పదేళ్ళు డ్రైవ్‌ను, అంటే మొదటి పొడవాటి దెబ్బను, గడ్డి కత్తిరించిన ఫెయిర్‌వేలో నిలపడంలో మొదటి స్థానంలో ఉన్నారు. ఎడమ చేయి వంచవద్దని చెప్పే పాఠం ఆయన దగ్గర ఎందుకు పనికొస్తుంది చెప్పండి! కానీ వాళ్ళు రోజంతా బంతులు కొట్టినవాళ్ళు. వారానికి ఒక్కరోజు ఆడుతూ వాళ్ళ పేర్లు చెప్పుకోకూడదు.

మొదటి శ్రోత: అయితే నేను...

శిక్షకుడు: మీ అలవాట్లు ఇంకా గట్టిపడలేదు కాబట్టి రెండు మూడు పాఠాలు ఇప్పుడే తీసుకోండి. క్లబ్‌ను, అంటే ఆడే కర్రను, పట్టుకునే గ్రిప్, నిలబడే తీరు, గురి, ఈ మూడూ సరిచూపించుకున్నాక మీ సాధన మీరు చేసుకోవచ్చు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి శ్రోత, చెప్పండి.

రెండవ శ్రోత: నమస్కారం సార్. నేను పన్నెండేళ్ళుగా ఆడుతున్నాను, ఇంతవరకు ఒక్క పాఠం కూడా తీసుకోలేదు. మొదటి నాలుగేళ్ళలో హ్యాండిక్యాప్ 28 నుంచి 15కి వచ్చాను, అక్కడి నుంచి ఎనిమిదేళ్ళుగా 14, 15 మధ్యే తిరుగుతున్నాను. దూరం కొట్టే క్లబ్, అదే డ్రైవర్, మూడుసార్లు మార్చాను. వీడియోలు చూశాను, భుజం తిప్పమని ఒకరంటారు, ముందు నడుము తిప్పమని ఇంకొకరంటారు. మాతో ఆడే పెద్దాయన ఒకరున్నారు, ఆయన స్వింగ్ చూస్తే నవ్వొస్తుంది, ఆయనేమో 6లో ఉన్నారు. పాఠాలు తీసుకుంటే ఉన్న ఆట కూడా పోతుందని ఆయనే అన్నారు. మొన్న కూడా...

శిక్షకుడు: మీ ప్రశ్న ఏమిటండీ?

రెండవ శ్రోత: పాఠాలు లేకుండా నేను 5కి రాగలనా అని.

శిక్షకుడు: మీది కుడిచేతి వాటమేనా? డ్రైవర్‌తో కొట్టిన బంతి ఎటు పోతుంది?

రెండవ శ్రోత: కుడిచేతి వాటమే. బంతి కుడికి వంపు తిరిగి పోతుంది. అందుకని ఎడమవైపు గురిపెడతాను. ఎంత ఎడమకు పెడితే అంత ఎక్కువగా కుడికి తిరుగుతోంది సార్, అదే అర్థం కాదు.

శిక్షకుడు: సొంతంగా నేర్చుకున్నవాళ్ళలో చాలామంది చిక్కుకునేది అక్కడే. బంతి ఏ దిక్కుగా బయలుదేరాలో ఎక్కువగా క్లబ్ ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, నిర్ణయిస్తుంది; గాలిలో ఎటు వంపు తిరగాలో, ఆ ఫేస్‌కూ క్లబ్ వచ్చిన దారికీ మధ్య ఉన్న తేడా నిర్ణయిస్తుంది. మీరు ఎడమకు గురిపెట్టిన కొద్దీ క్లబ్ ఇంకా ఎడమకు దూసుకుపోతుంది, ఫేస్ మాత్రం వెనకబడి ఆ దారికి కుడిగా తెరుచుకునే ఉంటుంది, తేడా పెరిగి స్లైస్, అంటే ఆ కుడి వంపు, పెరుగుతుంది. దీన్ని మీరు సరిదిద్దుకుంటున్నాననే అనుకున్నారు. మీకు అనిపించేది వేరు, జరిగేది వేరు. ఇప్పుడు మీ దగ్గర క్లబ్ ఉందా?

రెండవ శ్రోత: లేదండీ, గొడుగు ఉంది.

శిక్షకుడు: సరే, గొడుగునే క్లబ్ పట్టుకున్నట్టు ఎడమ చేత్తో ముందుకు వంచి పట్టుకుని, పైనుంచి చూడండి. చేతి మీద వేళ్ళ మొదళ్ళ కణుపులు ఎన్ని కనిపిస్తున్నాయి?

రెండవ శ్రోత: ఒకటి... ఒక్కటే కనిపిస్తోంది.

శిక్షకుడు: బొటనవేలు పిడి మీద నిట్టనిలువుగా ఉందా? చేతిని కొంచెం కుడికి తిప్పి, రెండు కణుపులు స్పష్టంగా కనిపించాక, పిడిని అరచేతి మధ్యలో కాకుండా వేళ్ళలో పట్టుకోండి. ఎలా ఉంది?

రెండవ శ్రోత: చేయి నాది కానట్టు ఉందండీ.

శిక్షకుడు: కొన్ని వారాలు అలాగే ఉంటుంది. పన్నెండేళ్ళలో మీరు మూడు డ్రైవర్లు మార్చారు, గ్రిప్ ఒక్కసారి కూడా మార్చలేదు.

రెండవ శ్రోత: అయితే పాఠాలు అక్కరలేదనే కదా సార్ మీరు అనేది?

శిక్షకుడు: నేను అలా అన్నానా? చెప్పేవారు లేకపోతే, చూపించేదైనా ఉండాలి. ఫోన్ కెమెరాను మీ వెనక, చేతుల ఎత్తులో, మీ చేతుల మీదుగా గురివైపు చూసేలా పెట్టండి. అది కొంచెం పక్కకు జరిగినా క్లబ్ వచ్చే దారి వేరుగా కనిపించి, లేని తప్పును దిద్దుకోబోతారు. క్లబ్ ఫేస్ మీద కొంచెం పౌడర్ చల్లి కొడితే బంతి ఎక్కడ తగిలిందో గుర్తు పడుతుంది. మీకు అనిపించేది వేరు, జరిగేది వేరు, ఎన్నిసార్లయినా ఇదే చెబుతాను.

రెండవ శ్రోత: మరి ఆ పెద్దాయన 6లో ఎలా ఉన్నారండీ?

శిక్షకుడు: ఆయన బంతులు పోగొట్టుకుంటారా?

రెండవ శ్రోత: లేదండీ, వంకరగానే కొట్టినా ఎప్పుడూ ఒకేలా పోతుంది.

శిక్షకుడు: అదే ఆయన ఆట. తన బంతి ఎటు పోతుందో ఆయనకు తెలుసు. 2020 నుంచి అమలులో ఉన్న ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో చివరి 20 స్కోర్లలో మేలైన 8 స్కోర్ల సగటే లెక్కకు వస్తుంది కాబట్టి, ఒక చెడ్డ రౌండ్‌కు భయపడనవసరం లేదు, కానీ ప్రతి రౌండ్‌లోనూ బంతి పోయి రెండు పెనాల్టీలు పడుతుంటే మేలైన 8లో కూడా అవే ఉంటాయి. బంతిని గుంతలోకి దొర్లించే పటింగ్ మీరు బాగా సాధన చేస్తారా?

రెండవ శ్రోత: రోజూ చేస్తాను సార్, ఆటంతా గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి, ఆ గ్రీన్ మీదే ఉందంటారు కదా.

శిక్షకుడు: పటింగ్ అవసరమే. అయితే ఎనిమిది అడుగుల పట్‌ను పీజీఏ టూర్ ఆటగాళ్ళే సుమారు సగం సార్లు మాత్రమే వేయగలుగుతారు. ఆటగాళ్ళ మధ్య స్కోరు తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు గ్రీన్‌కు వంద గజాల అవతలి షాట్ల నుంచే వస్తుందని కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ లెక్కలు చూపించాయి. మీరు పోగొట్టుకుంటున్నది టీ దగ్గర, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, వెతుకుతున్నది గ్రీన్ మీద.

రెండవ శ్రోత: అంటే 5కి...

శిక్షకుడు: స్లైస్ తగ్గితే పాఠాలు లేకుండానే 10 లోపుకు రావచ్చు. అక్కడి నుంచి 5కి రావాలంటే, మీ కళ్ళకు కనిపించని తప్పును ఎవరైనా చూడాలి. నేను శిక్షకుణ్ణి కాబట్టి ఇలా అంటున్నానని మీరు అనుకోవచ్చు, అనుకోండి.

వ్యాఖ్యాత: చాలామంది లైన్లో ఉన్నారు. ధన్యవాదాలండీ. తర్వాతి శ్రోత.

మూడవ శ్రోత: నమస్తే అండీ, నా హ్యాండిక్యాప్ 9. పాఠాలకు వెళితే ఉన్న ఆట చెడిపోతుందేమోనని భయం.

శిక్షకుడు: ఒకేసారి నాలుగు మార్పులు చెప్పే శిక్షకుడి దగ్గరైతే చెడిపోతుందమ్మా. ఒక్క తప్పు మాత్రమే చూడమని ముందే అడగండి, అది కుదిరాకే రెండవసారి వెళ్ళండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. హలో, చెప్పండి... లైన్ తెగిపోయింది. చివరి కాల్.

నాలుగవ శ్రోత: వీడియో పాఠాలు చూస్తే సరిపోదా సార్?

శిక్షకుడు: వీడియోను మీరు చూస్తారు, అది మిమ్మల్ని చూడదు కదా. మీ తప్పు ఏదో తెలిశాక దానికి సంబంధించిన వీడియో ఒక్కటి చూడండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. సార్, ధన్యవాదాలు.

శిక్షకుడు: గొడుగు పట్టుకున్న ఆయన వింటుంటే ఒక్క మాట. దగ్గరలో టోర్నమెంట్ ఏదైనా ఉంటే, అది ముగిశాకే గ్రిప్ మార్చండి.