వాకిట్ల ఒక్క మోర్‌పంఖి

[దృశ్యం: మహబూబ్‌నగర్‌ల ఒక ఇంటి ముందర ఎర్రమట్టి జాగ. నడుమ మోకాలెత్తు బంగారు రంగు మోర్‌పంఖి.]

నమస్తే. పాలమూరోళ్లకు చెట్టంటే పిల్లలమర్రే యాదికొస్తది. 3 ఎకరాల మీద పరుచుకున్న మర్రి అది. ఇయ్యాల దానికి పూర్తి ఉల్టా, కుండీ అంత జాగల ఒదిగి కూసునే పొట్టి మోర్‌పంఖి చెట్టు గురించి చెప్తున్న.

[స్క్రీన్ మీద: కోన్ ఆకారంల నున్నటి పొట్టి చెట్టు బొమ్మ]

దానికంటే ముందు ఈ బొమ్మల చెట్టు సంగతి. ఫోన్‌ల మీకు ఇది కనిపించే ఉంటది. పేరు డ్వార్ఫ్ ఆల్బర్టా స్ప్రూస్. 1904ల కెనడా కొండలల్ల ఇద్దరు వృక్షశాస్త్రవేత్తల కంట్ల పడ్డది. చలి దేశం చెట్టు. రోళ్లు పగిలే రోహిణి ఎండకు మన దగ్గర అది ఆగదు. దాని విత్తనాలని ఆన్‌లైన్‌ల పాకెట్లు అమ్ముతరు, పైసలు పెట్టకుండ్రి. ఆ పొట్టితనం విత్తనంతోని రాదు, కొమ్మ నాటి పెంచితేనే వస్తది.

మనకు నిలిచేది మోర్‌పంఖి. కొందరు తూజా అంటరు. పుట్టుక చైనా, కొరియా దిక్కు. ఆకులు చూడుండ్రి, పుస్తకం నిలవెట్టి పేజీలు విప్పినట్టు ఉంటయి.

[క్లోజప్: నిలువుగ పేర్చినట్టున్న ఆకులు]

మామూలు మోర్‌పంఖి ఇంటి కప్పు దాటిపోతది. మనకు కావాల్సింది 'ఆరియా నానా' రకం. 'నానా' అంటే లాటిన్‌ల మరుగుజ్జు. ఏండ్లు గడిచినా నాలుగైదు అడుగుల దగ్గరనే ఉంటది. నర్సరీల బంగారు రంగున్నదల్లా పొట్టిదే అనుకోకుండ్రి. అడుగు నుంచే గుబురుగ, కోడిగుడ్డు ఆకారంల ఉన్నది ఏరుకోండ్రి.

నాటేటప్పుడే అసలు పని. మృగశిరల రెండు వానలు పడ్డంక నాటుండ్రి. కవరు చింపంగనే వేరు చుట్టూ జిగట మన్ను ముద్ద కనిపిస్తదా? దాన్ని అట్లనే మన ఎర్ర చెల్కల పెడితే, చుట్టూ నేల తడిసినా ముద్ద లోపల ఎండిపోతది. లేదంటే నీళ్లు పట్టుకొని వేరు కుళ్లుతది. అందుకే ముద్దను నీళ్లల్ల నానవెట్టి, అంచుల మన్ను చేతితోని మెల్లగ రాలగొట్టుండ్రి. చుట్టలు తిరిగిన వేర్లుంటే విప్పుండ్రి. గుంతల చెల్క మట్టి, మాగిన పశువుల ఎరువు కలపుండ్రి. నల్లరేగడి నేలైతే జానెడు ఎత్తు గద్దె కట్టి దాని మీద నాటుండ్రి.

పడమర దిక్కు మొకమున్న గోడకు ఆనించి మాత్రం పెట్టొద్దు. మధ్యాహ్నం ఆ గోడ పెనం లెక్క కాలుతది. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం దాటినంక నీడ పడే జాగ మంచిది.

మన బోరు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ. రోజు చెంబెడు పోస్తుంటే ఆ ఉప్పంత పైమట్టిలనే పేరుకొని ఆకు కొసలు మాడుతయి. మట్టి రెండు వేళ్ల లోతు ఆరినంక నిండుగ పోయుండ్రి. వాన నీళ్లు పట్టిపెట్టుకుంటే ఇంక మంచిది.

[దృశ్యం: ఆకులు పక్కకు జరిపితే లోపల గోధుమ రంగు]

లోపలి ఆకు ఎండితే భయపడకుండ్రి, పాత ఆకు అట్లనే రాలుతది. బయట ఆకు మసకబారితే మాత్రం తెల్లకాగితం కింద పట్టి కొమ్మను తట్టుండ్రి. సన్న చుక్కలు కదిలితే ఆకు రసం పీల్చే నల్లి పట్టినట్టు. పొద్దుగాల పైపుతోని ఆకుల సందులల్ల నీళ్లు గట్టిగ కొట్టుండ్రి.

[కెమెరా చెట్టు వెనుకకు: పక్కన ఒక బొక్క]

ఇది నా నిర్వాకం. గుండ్రంగ చేద్దామని కత్తెర పట్టి, పచ్చ ఆకు దాటి ఎండు కొమ్మ దాక కోసిన. ఆ కొమ్మకు మళ్ల చిగురు రాదు. మూడేండ్లాయె, బొక్క అట్లనే ఉంది. అందుకే ఇంతసేపు ముందటి పక్కనే చూపిచ్చిన.

గేటుకు అటొకటి ఇటొకటి పెడదామని ఇంట్ల అంటున్నరు. నేనే వద్దంటున్న. రెండు పెడితే గేటు కనిపిస్తది, చెట్టు కనిపించదు.