‘యూస్ట్ టు’ అంటే ‘అలవాటు’ అని రాసిందెవరండీ?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవడం మర్యాద. కానీ ఇచ్చిన టైము తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. మన్నించాలి.

నాకిచ్చిన అంశం ‘రోజువారీ ఇంగ్లీషు వాక్యాలు’. ‘యూస్ట్ టు’, ‘సపోజ్డ్ టు’, ‘హ్యాడ్ బెటర్’ అని మూడు రాసుకొచ్చాను. మూడూ పూర్తవుతాయో లేదో చూద్దాం. ముందు బోర్డు మీద ఈ వాక్యాలు చదవండి, గట్టిగా.

హి యూస్ట్ టు కట్ పేపర్.
హి ఈజ్ యూస్ట్ టు కటింగ్ పేపర్.
ఎ బ్లేడ్ ఈజ్ యూజ్డ్ టు కట్ పేపర్.

ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ మాట మూడు చోట్లా ఒకటే: యు, ఎస్, ఇ, డి. అర్థాలు మాత్రం మూడు. మొదటిది, అతను ఒకప్పుడు కాగితాలు కోసేవాడు, ఇప్పుడు కోయడం లేదు. రెండోది, కాగితాలు కోయడం అతనికి కొత్త కాదు, అలవాటైన పనే. మూడోది, కాగితం కోయడానికి బ్లేడు వాడతారు. ఈ మూడింటినీ తీసుకెళ్లి ‘యూస్ట్ టు అంటే అలవాటు’ అని ఒక్క ముక్కలో కట్టేసిన గైడు ఎవరిదోగానీ, మన పిల్లలకు చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. నా బాధంతా దాని గురించే.

ఆ ఒక్క ముక్క బట్టీపట్టిన పిల్లాడు ఏం చేస్తాడు? ‘పొద్దున్నే అయిదింటికి లేవడం నాకు అలవాటు’ అనాలనుకుని, ‘ఐ యూజ్ టు గెటప్ ఎట్ ఫైవ్’ అంటాడు. ఇంగ్లీషులో ఇవాళ అలాంటి వాక్యం లేదు. కొన్ని శతాబ్దాల కిందట ఈ క్రియకు వర్తమాన రూపం ఉండేది, తర్వాత వాడుకలోంచి పోయింది. భూతకాల రూపం ఒక్కటే మిగిలింది. ఇప్పటి అలవాటు చెప్పాలంటే మామూలు వర్తమానం చాలు: ‘ఐ గెటప్ ఎట్ ఫైవ్’. ఇంకాస్త స్పష్టంగా కావాలంటే ‘ఐ యూజువల్లీ గెటప్ ఎట్ ఫైవ్’. అంతే.

సరే, గుర్తుపట్టడం ఎలా? మాటకు ఎడమపక్క చూడండి, కుడిపక్క చూడండి. ఎడమపక్క ‘ఈజ్, యామ్, ఆర్, వాజ్’ లాంటిదేమీ లేకుండా, కుడిపక్క క్రియ మూలరూపంలో ఉంటే, అది పాత రోజుల మాట. ఎడమపక్క ‘ఈజ్’ ఉండి, కుడిపక్క ‘ఇంగ్’ రూపమో నామవాచకమో ఉంటే, అలవాటు పడ్డ మాట. ఎడమపక్క ‘ఈజ్’ ఉన్నా కుడిపక్క మూలరూపం వస్తే, వస్తువుని వాడటం గురించి.

చెవికి కూడా తేడా తెలుస్తుంది. మొదటి రెండింట్లో ‘జ్’ శబ్దం లేదు, ‘స్’ మాత్రమే. పైగా చివరి ‘డ్’ పక్కనున్న ‘ట్’లో కలిసిపోయి ‘యూస్టు’ అని ఒకే మాటలా వినిపిస్తుంది. మూడోదాంట్లో మాత్రం ‘యూజ్డ్’. అన్నిచోట్లా ‘యూజ్డ్ టు’ అని విడగొట్టి పలికితే, వినేవాడు ఏదో వస్తువు వాడకం గురించి చెబుతున్నారేమో అని ఒక్క క్షణం ఆగుతాడు. ఇంకో చిక్కు: ఆ ‘డ్’ వినపడదు కాబట్టి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లే రాతలో ‘డి’ వదిలేస్తుంటారు. వాళ్లు రాశారని మనం రాయకూడదు. మామూలు వాక్యంలో ‘డి’ ఉండి తీరాలి.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి రకానికి సరితూగే రూపం మన భాషలోనే బంగారంలా ఉంది: చేసేవాణ్ణి, వెళ్లేది, పాడేవారు, ఉండేవి. ‘ఇక్కడ ఒక చెట్టు ఉండేది’ అంటే ‘దేర్ యూస్ట్ టు బి ఎ ట్రీ హియర్’. ‘ఆవిడకు మొహమాటం ఎక్కువగా ఉండేది’ అంటే ‘షి యూస్ట్ టు బి షై’. గైడులో ‘అలవాటు’ బదులు ‘చేసేవాణ్ణి’ అని రాసి ఉంటే సగం తప్పులు పుట్టేవే కావు.

ఇదుగో, ఇప్పుడే ఏమన్నాను? ‘పుట్టేవే కావు’ అన్నాను. ఇది ‘యూస్ట్ టు’ అవుతుందా? కాదు! మన ‘చేసేవాడు, చేసేది’ అనే రూపం రెండు పనులు చేస్తుంది. ‘రోజూ వచ్చేవాణ్ణి’ అంటే జరిగిన పని. ‘పిలిస్తే వచ్చేవాణ్ణి’ అంటే జరగని పని, పిలవలేదు కాబట్టి రాలేదని. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అనేదాన్ని ‘ఐ యూస్ట్ టు బై’ అంటే అర్థం తలకిందులైపోతుంది. అక్కడ ‘ఐ వుడ్ హ్యావ్ బాట్ ఇట్’ అనాలి. కాబట్టి ముందు ఒక పని చేయండి. తెలుగు వాక్యంలో ‘ఒకప్పుడు’ అనే మాట చేర్చి చూడండి. అర్థం మారకుండా అతికితే ‘యూస్ట్ టు’, అతక్కపోతే ‘వుడ్ హ్యావ్’.

మన రూపం పెట్టే ఇంకో మెలిక కాలం లెక్క. ‘మూడేళ్లు అక్కడే ఉండేవాణ్ణి’ అని మనం హాయిగా అంటాం. దాన్ని ‘ఐ యూస్ట్ టు లివ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అంటే తప్పు. మొత్తం ఎన్నేళ్లు, మొత్తం ఎన్నిసార్లు అని లెక్క తేలిపోతే అది పూర్తయిన ఘటన. మామూలు భూతకాలం రావాలి: ‘ఐ లివ్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’. అయితే ‘వారానికి మూడుసార్లు’ అంటే అది మొత్తం కాదు, మళ్లీ మళ్లీ జరిగే లెక్క. ‘ఐ యూస్ట్ టు స్విమ్ త్రీ టైమ్స్ ఎ వీక్’ నిక్షేపంలా ఉంటుంది. నిన్న ఒకసారి జరిగినదానికి మాత్రం ఇది ఎప్పుడూ పనికిరాదు.

టైమెంతయింది? పది నిమిషాలే ఉందంటున్నారు. ‘సపోజ్డ్ టు’, ‘హ్యాడ్ బెటర్’ ఇవాళ్టికి వదిలేద్దాం. అధ్యక్షులు కోప్పడకూడదు. మూడింటిని సగం సగం తెలుసుకోవడం కంటే ఒక్కటి సరిగ్గా పట్టుబడితే మేలు.

దీనికి దగ్గరి చుట్టం ‘వుడ్’. ‘ఎవ్రీ ఈవినింగ్ వి వుడ్ వాక్ బై ద రివర్’ అంటే ప్రతి సాయంత్రం నడిచేవాళ్లం అని. పనికి ఇది చెల్లుతుంది, స్థితికి చెల్లదు. ‘షి యూస్ట్ టు హ్యావ్ లాంగ్ హెయిర్’ సరే, అక్కడ ‘వుడ్ హ్యావ్’ పెట్టకూడదు. పాత సంగతి చెప్పేటప్పుడు మొదటి వాక్యంలో ‘యూస్ట్ టు’తో కాలం తెలియజేసి, తర్వాత ‘వుడ్’ మీదకు మారడం బాగుంటుంది. ప్రతి వాక్యంలోనూ ‘యూస్ట్ టు’ పెట్టేవాళ్లున్నారు. చదివేవాడికి విసుగు. మామూలు భూతకాలం కూడా ఉందని మరిచిపోకండి.

ప్రశ్నలో, వ్యతిరేకంలో ‘డిడ్’ వస్తుంది. కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది కాబట్టి ఇక్కడ మాత్రం ‘డి’ పోతుంది: ‘డిడ్ యూ యూస్ టు ప్లే?’, ‘ఐ డిడింట్ యూస్ టు లైక్ కాఫీ’. నోటితో పలికితే తేడా ఏమీ లేదు, రాతలోనే జాగ్రత్త. స్పెల్లింగు గొడవే వద్దనుకుంటే ‘ఐ నెవర్ యూస్ట్ టు లైక్ కాఫీ’ అనండి, మాటల్లో ఎక్కువమంది అనేదీ అదే. పాత వ్యాకరణాల్లో కనిపించే ‘యూస్ట్ నాట్ టు’ ఇప్పుడు మరీ గ్రాంథికంగా వినిపిస్తుంది.

టీచర్లూ, ఇది మీకు ప్రత్యేకంగా. ‘యూస్ట్ టు’ అనగానే వినేవాడికి ‘ఇప్పుడు లేదు’ అనే ధ్వని చేరిపోతుంది. ‘మా ఆయన నన్ను బాగా చూసుకునేవారు’ అని తెలుగులో అన్నా అంతే కదా, పక్కావిడ వెంటనే ‘ఇప్పుడేమైందమ్మా?’ అంటుంది. ఇప్పటికీ చూసుకుంటుంటే ‘అండ్ హి స్టిల్ డజ్’ అని తగిలించాలి. ఇది పిల్లలకు చెప్పకుండా ఖాళీలు పూరింపమంటే, మార్కులు వస్తాయి, మాట రాదు.

ఇక రెండోది, నిజంగా అలవాటుది. అక్కడి ‘టు’ వేరు. ‘ఐ యామ్ యూస్ట్ టు నాయిస్’ అని పక్కన నామవాచకం పెట్టగలం. అలా పెట్టగలిగిన చోట క్రియ రావాలంటే ‘ఇంగ్’ వేసుకునే రావాలి: ‘ఐ యామ్ యూస్ట్ టు వర్కింగ్ ఎట్ నైట్’. ‘లుక్ ఫార్వర్డ్ టు’ కూడా ఇదే కుటుంబం, అందుకే ‘టు మీటింగ్ యూ’ అంటాం. అలవాటు పడుతున్న దశ చెప్పాలంటే ‘గెట్’ తెచ్చుకోండి. ‘ఐ యామ్ గెటింగ్ యూస్ట్ టు ద న్యూ గ్లాసెస్’ అంటే కొత్త కళ్లద్దాలు మెల్లగా అలవాటవుతున్నాయని. ‘యూ విల్ గెట్ యూస్ట్ టు ఇట్’ అంటే అదే అలవాటవుతుందిలే అని. మొదటి రకానికి భూతకాలం తప్ప లేదు. దీనికి మాత్రం మూడు కాలాలూ ఉన్నాయి.

పొట్టి జవాబులో ‘టు’ మింగేయకండి. ‘డూ యూ స్మోక్?’ అని అడిగితే ‘నో, బట్ ఐ యూస్ట్ టు’. అక్కడ ఆగాలి.

ఇప్పుడు పెన్నులు తీయండి. నాలుగు వాక్యాలు చెబుతాను, ఇంగ్లీషులో పెట్టండి. ‘ఈ గదిలో పియానో ఉండేది.’ ‘నువ్వు చెప్పి ఉంటే ఆగేవాణ్ణి.’ ‘రెండేళ్లు నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి.’ ‘చన్నీళ్ల స్నానం నాకు అలవాటే.’ వీటిలో రెండింటికే ‘యూస్ట్ టు’ వస్తుంది. ఆ రెండూ ఏవో వెనక వరుసవాళ్లు ముందు చెప్పాలి. మైకు అటు పంపండి.