రాకెట్ ఘన ఇంధనంలో బైండర్ చేసే పని

నమస్కారం. రాకెట్ ఘన ఇంధనం అనగానే మన దృష్టి మండే పదార్థాల మీదికే పోతుంది. ఈ వీడియోలో మాత్రం వాటన్నిటినీ ఒక్క ముద్దగా పట్టి ఉంచే బైండర్ గురించి, దానికి తోడుగా చేర్చే కొన్ని ద్రవ్యాల గురించి తెలుసుకుందాం. తయారీ పాళ్ళు, పద్ధతులు మన పరిధిలోకి రావు. అవి ఇంట్లో ప్రయత్నించదగినవి కావు.

పీఎస్ఎల్‌వీ మొదటి దశలో సుమారు 138 టన్నుల మిశ్రమ ఘన ఇంధనం ఉంటుంది. అందులో అధిక భాగం అమ్మోనియం పర్‌క్లోరేట్ స్ఫటికాలు. మండటానికి కావలసిన ఆక్సిజన్‌ను అందించేది ఇవే. తరువాతి వాటా అల్యూమినియం పొడిది. మిగిలిన కొద్ది వంతే బైండర్. నువ్వులుండలో పాకం తక్కువే అయినా ఉండ కట్టేది పాకమే కదా, ఇక్కడా అంతే. పైగా ఈ పాకం తానూ ఇంధనంగా మండుతుంది.

1942లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జాక్ పార్సన్స్ తారును బైండర్‌గా వాడి, అందులో పొటాషియం పర్‌క్లోరేట్ కలిపి ఇంధనం తయారుచేశారు. ఆ రోజులకు అది పెద్ద ముందడుగే. కాని తారు ఎండకు మెత్తబడుతుంది, చలికి బిరుసెక్కి పగులుతుంది. అందుకే పరిశోధకులు రబ్బరు స్వభావం గల పాలిమర్ల వైపు, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థాల వైపు మళ్ళారు. మొదట పాలీసల్ఫైడ్ వచ్చింది; ఆ తరువాత వచ్చిన మరో పాలిమర్ పీబీఏఎన్‌ను అమెరికా స్పేస్ షటిల్ బూస్టర్లలో వాడారు. ఇప్పుడు విరివిగా వాడుతున్నది హెచ్‌టీపీబీ, అంటే గొలుసు కొసల్లో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్) సమూహాలున్న పాలీబ్యూటాడయీన్ అనే కృత్రిమ రబ్బరు. పీఎస్ఎల్‌వీ మొదటి దశలోనూ, ఎల్‌వీఎం3 రాకెట్‌కు ఇరువైపులా ఉండే ఎస్200 బూస్టర్లలోనూ ఉన్న బైండర్ ఇదే. ఆముదం ఆధారంగా కూడా ఇస్రో ఒక బైండర్‌ను రూపొందించిందన్న సంగతి మన తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుందనుకుంటాను.

ఇప్పుడు తెర మీద ఉన్న అడ్డుకోత బొమ్మను గమనించండి. బయట లోహపు కేసింగ్, దానికి అంటుకొని ఇంధనం, నడుమ బోలు. ఉష్ణోగ్రత తగ్గినప్పుడు ఇంధనం ఉక్కు కంటే దాదాపు పదింతలు ఎక్కువగా కుంచించుకుపోతుంది. కేసింగ్ దానిని వదలదు కనుక, లోపలి బోలు అంచున ఇంధనం సాగక తప్పదు. బైండర్‌కు ఆ సాగే గుణం చాలకపోతే అక్కడ పగులు పుడుతుంది. ఆ పగులులోకి మంట చొరబడితే మండే ఉపరితలం పెరుగుతుంది, దాంతో పీడనం పెరుగుతుంది, పీడనం పెరిగిన కొద్దీ దహన వేగమూ పెరుగుతుంది. చివరికి మోటారే, అంటే ఇంధనంతో నిండిన ఆ కేసింగే పేలిపోవచ్చు. హెచ్‌టీపీబీ దాదాపు మైనస్ 70 డిగ్రీల సెల్సియస్ దాకా రబ్బరు గుణాన్ని నిలుపుకోవడమే దానికి ఇంత ప్రాధాన్యం తెచ్చింది.

పగులు ఎప్పుడూ కంటికి కనిపించేంత పెద్దదిగానే మొదలవదు. సూక్ష్మదర్శినిలో చూస్తే, సాగదీసిన ఇంధనంలో ఒక్కొక్క స్ఫటికం చుట్టూ బైండర్ ఊడిపోయి సన్నని ఖాళీలు ఏర్పడటం కనిపిస్తుంది. దీన్ని అరికట్టడానికే బాండింగ్ ఏజెంట్ అనే ద్రవ్యాన్ని అతి స్వల్పంగా చేరుస్తారు. అది స్ఫటికపు ఉపరితలాన్ని ఒకవైపు, పాలిమర్ గొలుసును మరొకవైపు పట్టుకుంటుంది. మిశ్రమ ఇంధనంలో చేర్చే ద్రవ్యాలన్నిటిలో పరిమాణానికి మించి ప్రయోజనం ఇచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

మిగిలినవాటిని క్లుప్తంగా చెప్పుకుందాం. ద్రవరూపంలో ఉన్న హెచ్‌టీపీబీని గట్టిపరిచేవి ఐసోసయనేట్లు. వీటికి తేమ పడదు. నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తాయి, ఆ బుడగలు ఇంధనంలోనే చిక్కుకుపోతాయి. ప్లాస్టిసైజర్ మిశ్రమాన్ని పలుచన చేసి పోతకు అనుకూలపరుస్తుంది. ఐరన్ ఆక్సైడ్ దహన వేగాన్ని పెంచుతుంది. పాలిమర్ గొలుసులోని ద్విబంధాలను గాలిలోని ఆక్సిజన్ ఏళ్ళ తరబడి దెబ్బతీసి ఇంధనాన్ని బిరుసెక్కించకుండా యాంటీఆక్సిడెంట్ కాపాడుతుంది. అల్యూమినియం అదనపు ద్రవ్యం కాదు, అసలైన ఇంధనమే. అయితే అది మండగా ఏర్పడే ఆక్సైడ్ బిందువులు మోటారులోని పీడన కంపనాలను అణచడానికి కూడా ఉపకరిస్తాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, పోత పోసిన ఇంధనం లోపల ఏముందో పైనుంచి చూసి చెప్పలేం. అందుకే శ్రీహరికోటలో తయారైన భారీ ఖండాలను అధికశక్తి ఎక్స్‌కిరణాలతో పరీక్షించి, లోపల బుడగలు గాని, పగుళ్ళు గాని, కేసింగ్ దగ్గర ఇంధనం ఊడిన చోట్లు గాని ఉన్నాయేమో చూసిన తరువాతే వాటిని రాకెట్‌లో అమరుస్తారు.